సిస్టమ్ కొత్త వెర్షన్‌కు మార్చాక ఒత్తులు పడటం లేదు

నాగావళి: నిన్న సాయంత్రం ల్యాప్‌టాప్‌లో సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. అప్పటి నుంచి కీబోర్డు మాట వినడం లేదు. "అమ్మ" అని కొడితే "అమమ" అనీ, "పుస్తకం" అని కొడితే "పుసతకం" అనీ పడుతోంది. చెరిపి మళ్ళీ కొడితే ఒక్కోసారి సరిగానే వస్తుంది. తెలుగును తీసివేసి తిరిగి చేర్చి, మూడుసార్లు రీస్టార్ట్ చేసి, నాలుగు గంటలుగా విసిగిపోయి ఉన్నాను. సోమవారానికి సంచిక ప్రెస్సుకు వెళ్ళాలి. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళడం ఎలాగో దయచేసి చెప్పండి.

మీటగాడు: ఏ సిస్టమ్? ఏ లేఅవుట్?

అక్షరాభిమాని: ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేవారికి ఈ తిప్పలు తప్పవని ఎప్పటి నుంచో చెబుతున్నాను. భారతీయ భాషలకు ఉమ్మడి కీబోర్డు లేఅవుట్ అయిన ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నవారికి హిందీలోనైనా కన్నడంలోనైనా "క" ఒకే మీటపై దొరుకుతుంది కాబట్టి, ఒక్క నెల ఓపిక పడితే జీవితాంతం సుఖపడతారు.

నాగావళి: అయ్యా, నేను ఇరవై ఏళ్ళుగా కొడుతున్నది ఇన్‌స్క్రిప్టే. విండోస్ 10 నుంచి 11కు మారాను.

మీటగాడు: రికవరీలో "గో బ్యాక్" ఉంటుంది, 10 రోజుల వరకే. అయితే 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

గోదారిగట్టు: వెనక్కి వెళ్ళే ముందు ఒక్క విషయం చూడండి. ఇన్‌స్క్రిప్ట్‌లో హలంతు, అంటే హల్లుకు ఒత్తు చేర్చే గుర్తు (్), "డి" మీటపై ఉంటుంది, కాబట్టి ఆ ఒక్క మీట తప్పితే ఒత్తులన్నీ ఊడిపోతాయి. భాషను ఇంగ్లీషుకు మార్చి, నోట్‌ప్యాడ్‌లో "డి"ని ఇరవైసార్లు నొక్కి ఎన్ని పడ్డాయో లెక్కపెట్టండి. తరువాత విండోస్ మీట, కంట్రోల్, "ఓ" కలిపి నొక్కి, తెర మీదకు వచ్చే కీబోర్డులో అదే మీటను మౌస్‌తో నొక్కి తెలుగు కొట్టి చూడండి.

అక్షరాభిమాని: హలంతు కాదు, పొల్లు అనాలి. హలంతమంటే హల్లుతో ముగిసే పదం. గుర్తుకు ఆ పేరు తగదు.

మీటగాడు: యూనికోడ్‌లో దాని పేరు విరామ.

గోదారిగట్టు: మా బడిలో అన్నింటినీ నకారపొల్లు అనేవారు.

అక్షరాభిమాని: నకారపొల్లు "న్" ఒక్కదానికే చెల్లుతుందండీ, "క్"కు ఆ పేరెలా వస్తుంది?

నాగావళి: ఇరవైకి పదమూడు పడ్డాయి. తెర మీది కీబోర్డులో మాత్రం "అమ్మ" అమ్మలాగానే వచ్చింది.

గోదారిగట్టు: అయితే లేఅవుట్‌లో దోషం లేదు, లోపం మీటలోనే ఉంది. వెర్షన్ మార్చడం కేవలం కాకతాళీయం కావచ్చు. ఆ మీట మీద ఈ మధ్య ఏమైనా ఒలికిందా?

నాగావళి: పోయిన వారం కాస్త టీ ఒలికింది, వెంటనే తుడిచేశాను కాబట్టి చెప్పలేదు. ప్రస్తుతానికి యూఎస్‌బీ కీబోర్డు తగిలించి పని నడిపిస్తున్నాను. ధన్యవాదాలు.

అక్షరాభిమాని: ఇంతకూ "పొల్లు" విషయం తేలలేదు.