బాంజో మూలాలు వెతకడానికి తూర్పు ఆఫ్రికా ఎందుకు?

చర్చాంశం:
తోలు బిగించిన గుండ్రని డొప్ప, పొడవైన దండి గల తంతివాద్యం బాంజో. అమెరికన్ బాంజో విద్వాంసుడు బేలా ఫ్లెక్ తన వాద్యం మూలాలు వెతుకుతూ 2005లో తూర్పున యుగాండా, టాంజానియా, పశ్చిమాన గాంబియా, మాలి దేశాలు తిరిగి, అక్కడి కళాకారులతో కలిసి వాయించారు. 2008లో వచ్చిన డాక్యుమెంటరీ ఆ యాత్ర కథే. (మన బ్యాండు మేళాల్లో బ్యాంజో అని పిలిచే మీటల పెట్టె జపాన్ మూలం గల వేరే వాద్యం, దాన్ని ఇందులో కలపవద్దని మనవి.) నా అభ్యంతరం ఆయన సంగీతంపై కాదు, ఎంచుకున్న దారిపై. అమెరికా ఖండాలకు బానిసలుగా తరలించినవారిలో అత్యధికులు పశ్చిమ, మధ్య-పశ్చిమ ఆఫ్రికా వారు కాగా, టాంజానియాలోని బాగమోయో రేవు నుంచి బందీలను ప్రధానంగా జాంజిబార్, అరేబియా వైపు పంపారు. ఆ ఊరి పేరుకు ‘గుండెను ఇక్కడే దింపెయ్’ అని చెప్పుకునే అర్థం కలచివేస్తుంది. అయినా ఆ రేవుకూ బాంజోకూ వంశసంబంధం లేదు.

మొదటి జవాబు:
దారి మాట సరే, గాంబియాను మీరు విడిచిపెట్టారు. అక్కడి జోలా ప్రజల అకొంటింగ్ అనే తంతివాద్యానికి సొరబుర్ర డొప్ప, దానిపై మేకతోలు, మూడు తంతులు ఉంటాయి. వాటిలో పొట్టి తంతిని బొటనవేలు మీటుతుంది, చూపుడువేలి గోరు పైనుంచి కిందికి కొడుతుంది. 1855లో అచ్చయిన బ్రిగ్స్ బాంజో శిక్షణ పుస్తకం నేర్పే పద్ధతికి ఇది ఎంతో దగ్గర. ఫ్లెక్ మూడు వేళ్లకు గోటిపలకలు తొడిగి పైకి మీటే బాణీ మాత్రం చాలా తర్వాతిది. కాబట్టి పోలిక కోసం ఆయన చేతిని కాక, ఆ జోలా వాద్యకారుల చేతిని గమనించాలి.

రెండవ జవాబు:
మీరిద్దరూ అట్లాంటిక్‌ను మరిచారు. 1687లో జమైకా చేరిన వైద్యుడు హాన్స్ స్లోన్, బానిసల సొరబుర్ర వాద్యాల చిత్రాన్ని 1707 నాటి తన గ్రంథంలో ముద్రించారు. 1841లో హైతీలో సేకరించిన బాంజా (బాంజో తొలి రూపం) పారిస్‌లో ఉంది. అకొంటింగ్‌కూ, మాలి దేశపు తంతివాద్యం ఎన్గోనీకీ దండి గుండ్రని కర్ర, తంతులను బిగించేవి తోలు కట్లు. కరేబియన్ వాద్యాలకు చదునైన దండి, బిరడలు వచ్చాయి. వేర్వేరు జాతులవారు ఒకే తోటలో బందీలై కలిసి బతికినందువల్లే ఆ రూపం పుట్టింది. ఫ్లెక్ హైతీకి వెళ్లి ఉండవలసింది.

చర్చ ప్రారంభించినవారు:
హైతీ విషయంలో మీ మాటను అంగీకరిస్తున్నాను. మాలిలో బస్సెకూ కుయాతె ఎన్గోనీ పక్కన, ఊమూ సంగారే పాట వెనుక ఆ బాంజో ఎంత సహజంగా ఒదిగిందో విన్నాక, ఆ సహవాసాన్ని నేను తప్పుపట్టలేను. యుగాండాలో భారీ మరింబాతో (చెక్కపలకలను కొట్టి వాయించే వాద్యం) సాగిన జుగల్బందీ కూడా నాకు ఎంతో ఇష్టం. దానికి ‘మూలాలు’ అన్న పేరు తగిలించడాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.