నెప్ట్యూన్ దారిలో ప్లూటో ఉందిగా, మరి నెప్ట్యూన్ గ్రహమెలా అయింది?

పర్లాకిమిడి టీచర్:
తొమ్మిదో తరగతికి గ్రహం నిర్వచనం చెప్పాలి. 2006 ఆగస్టు 24న ప్రేగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం పెట్టిన షరతులు మూడు: సూర్యుడి చుట్టూ తిరగాలి, సొంత బరువుకే గుండ్రబడాలి, తన కక్ష్య పరిసరాలను ఊడ్చేసి ఉండాలి. మూడోదాని దగ్గర పిల్లలు ఆపేస్తున్నారు. ప్లూటో నెప్ట్యూన్ కక్ష్య దాటి లోపలికొస్తుంది కదా, అంటే నెప్ట్యూన్ కూడా ఊడ్వనట్టేగా అని. పైగా ఒడియాలో ‘బామన గ్రహ’, తెలుగులో మరుగుజ్జు గ్రహం. పేరులో గ్రహం ఉండీ లెక్కలో ఎందుకు లేదు?

రాయగడ నుంచి:
మాస్టారూ, ‘ఊడ్చేయడం’ అన్న మాటతోనే చిక్కు. దారిలో ఇంకేమీ ఉండకూడదని కాదు, ఉన్నవాటి మీద పెత్తనం తనదై ఉండాలి. గురుడి కక్ష్యలో వేల ట్రోజన్ శకలాలున్నాయి. గురుడికి 60 డిగ్రీలు ముందొక గుంపు, 60 డిగ్రీలు వెనకొక గుంపు. వాటినలా పట్టి ఉంచేది గురుడూ సూర్యుడూ కలిసి లాగే లాగుడే. ప్లూటోదీ అదే కథ: నెప్ట్యూన్ మూడు చుట్లు తిరిగేసరికి ప్లూటో రెండు తిరుగుతుంది. ఆ తాళం నెప్ట్యూన్ వేయించిందే. భూమి ద్రవ్యరాశి తన దారిలో ఉన్న మిగతా సరుకంతటికీ సుమారు 17 లక్షల రెట్లు. ప్లూటోదైతే తన దారిలో ఉన్న సరుకులో పదో వంతైనా లేదు.

మొదటి రెండు షరతులూ నెగ్గి మూడోది తప్పి, ఉపగ్రహం కాకపోతే మరుగుజ్జు గ్రహం. ఆ తీర్మానం దాన్ని వేరే తరగతిగానే రాసింది. సైజు ఇందులో కొలత కాదు. గనిమీడ్ వ్యాసం 5,268 కి.మీ., బుధుడిది 4,879. అయినా గనిమీడ్ గురుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి ఉపగ్రహమే.

బరంపురం టెలిస్కోపు:
బొమ్మ గీయించండి, అప్పుడు తెలుస్తుంది. ఒక చార్టు చాలు. భూమి-సూర్యుల దూరానికి అర సెంటీమీటరు. రెండు గుండుసూదులు 9.8 సెం.మీ. ఎడంగా గుచ్చండి. దారాన్ని ఉంగరంలా ముడివేసి, రెండు పేటలుగా సాగదీసి పరిస్తే 24.6 సెం.మీ. పొడవు రావాలి. సూదుల చుట్టూ వేసి, పెన్సిల్‌తో బిగువుగా లాగుతూ తిప్పితే ప్లూటో కక్ష్య. ఒక సూది సూర్యుడు. దాని మీద 15 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీస్తే నెప్ట్యూన్. ప్లూటో గీత ఒకచోట సుమారు 2 మి.మీ. లోపలికొస్తుంది. ముడి వేశాకే కొలవాలి, ముందే కొలిస్తే ముడి తినేసే దారంతో ఆ కాస్త తేడా ఉండాల్సినదానికన్నా పెరిగిపోతుంది. సాగే దారం వద్దు, పెన్సిల్ మొన సన్నగా ఉండాలి.

గీతలు కాగితం మీద కోసుకుంటాయిగానీ ఆకాశంలో కోసుకోవు. ప్లూటో కక్ష్య 17 డిగ్రీలు వాలి ఉంది. లోపలికొచ్చే చోట అది నెప్ట్యూన్ తలానికి చాలా పైన ఉంటుంది. ప్లూటో చార్టును విడిగా కత్తిరించి వాల్చి పట్టుకోండి.

జయపురం నుంచి:
రెండో షరతులో ‘గుండ్రం’ అంటే బంతి అని చెప్పకండి. హౌమియా 4 గంటలకోసారి తిరుగుతూ గుడ్డులా సాగింది, అయినా మరుగుజ్జు గ్రహాల్లోనే ఉంది. కుజుడికీ గురుడికీ మధ్య తిరిగే సెరిస్‌నూ చూపించండి: 1801లో దొరికాక అర్ధ శతాబ్దం దాన్ని గ్రహమనే లెక్కపెట్టారు, చుట్టుపక్కల అలాంటివే బయటపడుతుంటే పక్కన పెట్టారు. ప్లూటోకి జరిగింది మొదటిసారి కాదు.

పర్లాకిమిడి టీచర్:
చార్టు కొలతలు రాసుకున్నాను. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగేవాటి మాట?

రాయగడ నుంచి:
ఈ నిర్వచనం సూర్యుడి చుట్టూ తిరిగేవాటికే, మాస్టారూ. బయటివాటికి వాడుకలో గురుడికి 13 రెట్ల ద్రవ్యరాశి పైహద్దు. అది దాటితే లోపల డ్యుటీరియం (బరువు హైడ్రోజన్) మండుతుంది, దాన్ని గోధుమ మరుగుజ్జు అంటారు.