చోర్బజీ: దొంగ కాదు, షేర్వా మనిషి

ప్రశ్న: ఒట్టోమన్ టర్కీ చరిత్రలో 'చోర్బజీ' అనే సైనిక హోదా ఒకటి తగిలింది. 'చోర్' కనిపిస్తోంది కదా, దొంగలతో ఏమైనా సంబంధమా?

జవాబు: దొంగల్ని వదిలేసి వంటింట్లోకి రండి సార్. మీరు విరిచిన చోటే తప్పు. చోర్ + బజీ కాదు, చోర్బ + జీ. చోర్బ అంటే సూపు. పరోటా మీద పోయించుకునే మన షేర్వాకు తోబుట్టువు. రెంటికీ మూలం పారసీ 'షోర్బా'. షోర్ అంటే ఉప్పన, బా అంటే పులుసులాంటిది. చివరి 'జీ' గాంధీజీలోని 'జీ' కాదు. ఫలానా పని చేసేవాడని చెప్పే తుర్కీ ప్రత్యయం. పారసీ దాన్ని 'చీ'గా తీసుకుంది, మన ఖజాంచీ ఆ దారిన వచ్చినవాడే.

అంటే మాటకు అర్థం సూపువాడు, హోదాకు అర్థం ఇంచుమించు కర్నల్! ఈ వింత ఒట్టోమన్ సుల్తానుల కాల్బలమైన యెనిచెరి దళానిది. 14వ శతాబ్దంలో పుట్టిన ఈ సేన సుల్తాను పెట్టే తిండి తిని బతికేది, ఆ సంగతి దాచుకోలేదు కూడా. మొత్తం దళాన్ని 'ఒజాక్' అనేవారు, అంటే పొయ్యి. టోపీ ముందు చెంచా దోపుకునేవారు. 'కజాన్' అనే పెద్ద గుండిగ వాళ్లకు జెండాతో సమానం. దాన్ని బోర్లించారంటే సుల్తాను తిండి మాకొద్దన్నట్టు, తిరుగుబాటు మొదలైనట్టు. టర్కీలో నేటికీ 'గుండిగ ఎత్తడం' అంటే తిరగబడటమే. మనం ఉప్పు తిన్న విశ్వాసం అంటాం, వాళ్లది సూపు తిన్న విశ్వాసం. ఆ సూపులోనూ ఉన్నది ఉప్పేనాయె!

1826 జూన్‌లో ఆఖరిసారి గుండిగ ఎత్తారు. సుల్తాను రెండో మహమూద్ ఇస్తాంబుల్‌లోని వాళ్ల బారకాసుల మీద ఫిరంగులు పేల్పించి దళాన్నే రద్దు చేశాడు. ఆ చోటి పేరు ఎత్‌మెయ్‌దాన్, మాంసపు మైదానం. అక్కడా తిండి గోలే.

వ్యాఖ్య: అయితే యెనిచెరిలోని 'చెరి' కూడా ఆ 'చీ'నేనా అండీ?

జవాబు: కాదండీ. 'చెరి' విడి మాట, సైన్యం లేదా సైనికుడు అని. 'యెని' అంటే కొత్త. కొత్త సేన అన్నమాట. ఇంగ్లీషువాళ్ల జానిసరీ దీని నుంచే. చోర్బజీ మాత్రం బల్గేరియా పల్లెల్లో ఇంకో దారి పట్టింది: అక్కడ ఊళ్లో కలిగిన పెద్దమనిషి.