వారం వయసు కోడిపిల్లలు చలికి పోతున్నాయి, మిగిలినవాటిని ఎలా కాపాడుకోవాలి?

పెందుర్తి పెరడు:
నమస్కారం. మూడు రోజుల క్రితం వారం వయసున్న వనరాజా జాతి కోడిపిల్లలను ఇరవై తెచ్చాను. రెండు రాత్రుల్లో నాలుగు పోయాయి. చలి తగలకూడదని గూటికి నాలుగు వైపులా టార్పాలిన్ బిగించి, లోపల తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీశాను. తెల్లవారి చూస్తే అన్నీ ఒకే మూలకు చేరి, ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. అడుగున పడినవి ఊపిరాడక చనిపోయాయి. వాటిని పాతిపెడుతుంటే మా అమ్మాయి ఏడుపు చూడలేకపోయాను. విశాఖలో ఏం చలి ఉంటుందిలే అనుకోవడమే నా తప్పా? దయచేసి చెప్పండి.

పాడేరు రైతు:
ఎల్‌ఈడీ వెలుగిస్తుంది గాని వేడి ఇవ్వదండీ. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెతికి తెచ్చుకోండి. పదహారు పిల్లలకు 60 వాట్లది సరిపోతుంది. మా దగ్గర పుష్యమాసంలో 100 వాట్లది పెడతాను, పక్కనే లంబసింగిలో కొన్ని రోజులు గడ్డిమీద మంచు పేరుకునేంత చలి మాది. నేలకు అడుగున్నర ఎత్తులో కట్టండి, తీగ తెగి ఊకమీద పడితే నిప్పు అంటుకుంటుంది కాబట్టి గొలుసుతో మరో కట్టు వేయండి. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు.

కొలిచే పరికరం లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కిందకు గుమిగూడి కీచుకీచుమంటే చలి. నోరు తెరిచి అంచులకు పారిపోతే వేడి ఎక్కువైంది. చెదురుగా పడుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఇంకొక మాట, గూట్లో మూలలు ఉండనివ్వకండి. అట్టపెట్టెలు కత్తిరించి గుండ్రంగా దడి కట్టండి. మూల లేకపోతే ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగిపోవు.

భీమిలి గట్టు:
బాబూ, బల్బు మార్చు, సరే. ఆ టార్పాలిన్ సంగతి ముందు చూడు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. నాలుగు వైపులా మూసేస్తే పిల్లల ఊపిరి, రెట్ట తడి అంతా లోపలే ఉండిపోతుంది. పొద్దున్నే గూట్లో తల పెట్టి చూడు, కళ్లు మండితే అది అమోనియా. మనకు మండేదానికి వాటి ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆలోచించు. గాలి వచ్చే వైపు కిందిభాగం గోనెసంచితో మూసి, పైన జానెడు వదిలేయి. కింద వరిఊక నాలుగు అంగుళాలు పరిచి రోజూ కలియబెట్టు, తడిసిన చోట తీసి కొత్తది వేయి. తడి ఊకలోనే రక్తపారుడు పుడుతుంది.

ఒక శీతాకాలం నేను చలికి భయపడి మూసిన గూట్లో బొగ్గుల కుంపటి పెట్టాను. తెల్లారేసరికి ఆరు పెట్టలు పోయాయి. బొగ్గు పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మనసు బాగుండదు. మూసిన చోట కుంపటి వద్దు, ఎవరు చెప్పినా వద్దు.

సింహాచలం కొండవాలు:
పెద్దమ్మగారు చెప్పిన ఆ జానెడు ఖాళీకి గట్టి వల వేయండి. మా దగ్గర ముంగిసలు ఎక్కువ, పాములూ వస్తాయి. ఆరు పలకల కోళ్ల వల నమ్మదగినది కాదు, చిన్న సందు చాలు లోపలికి దూరడానికి. అరంగుళం కన్నులున్న వెల్డింగ్ వల వేసి, అడుగు లోతు భూమిలోకి దింపాను. ఆ తరువాత ఒక్క కోడీ పోలేదు.

మురళీనగర్ మేడ:
కరెంటు పోతే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా మేడమీది రేకులను ఎత్తుకుపోయింది, చాలా రోజులు కరెంటు లేదు. పిల్లలను ఇంట్లోకి తెచ్చి, వేడినీళ్లు పోసిన సీసాలకు గుడ్డ చుట్టి మధ్యలో పెట్టి, గంటన్నరకోసారి నీళ్లు మార్చాం. డిసెంబరు వరకూ తుపానుల భయం ఉండే ఊరు మనది. రేకుల మీద ఇటుకలు పెట్టి ఊరుకోకండి, మోకుతో కట్టండి.

పాడేరు రైతు:
మరిచిపోయాను. పెద్ద కోళ్లకు సాయంత్రం మొక్కజొన్న నూక, రాగులు వేస్తాను, రాగులను మా వైపు చోళ్లు అంటాం. నిండు పొట్టతో పడుకుంటే అరుగుదల వేడి రాత్రంతా కాస్తుంది. పిల్లలకు మాత్రం దాణాయే పెట్టండి, పొద్దున గోరువెచ్చని నీళ్లు.

విశ్రాంత పశువైద్య సహాయకుడు:
ఏడో రోజు వేయాల్సిన కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా చుక్క వేశారో లేదో అమ్మినవారిని అడగండి. వేయకపోతే పిల్లలు తేరుకున్నాక వేయించండి. నీరసంగా ఉన్నప్పుడు టీకా సరిగ్గా పనిచేయదు. నాలుగో వారంలో మళ్లీ వేయాలి.

పెందుర్తి పెరడు:
ఐదు రోజులైంది, మరొక్కటీ పోలేదు. ఫిలమెంటు బల్బు మూడు దుకాణాలు తిరిగాక దొరికింది. పెద్దమ్మగారూ, టార్పాలిన్ విప్పగానే నా కళ్లే మండాయి. పాత ఊక అంతా తీసేశాను. నిన్న రాత్రి రెండు గంటలకు లేచి వెళ్లి చూస్తే, పదహారూ అట్ట దడిలో కాళ్లు చాచి చెదురుగా పడుకున్నాయి. మా అమ్మాయిని లేపి చూపించాను. చుక్క వేయలేదని అమ్మినవారు చెప్పారు, రేపు ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను. భూమిలోకి దింపే వల తుప్పు పట్టకుండా మీరు ఏదైనా పూశారా, కొండవాలు గారూ?