చర్చ: గూడెం ఆడవాళ్లకు ఓపెన్ టెన్త్ కట్టించాలా, కోయలో అక్షరాలు నేర్పాలా?

శబరి_ఒడ్డు:
అందరికీ నమస్కారం. మాది చింతూరు వైపు ఒక కోయ గూడెం. బయట ఉద్యోగాలు చేస్తున్న మావాళ్లు కొందరు కలిసి 60 వేలు పోగేసి, "పెద్దోళ్ల చదువుకి ఏదైనా చెయ్యండిరా" అని పంపారు. డిగ్రీ చదివిన ముగ్గురం ఉన్నాం ఇక్కడ. రెండు వారాలుగా కొట్టుకుంటున్నాం.

ఊళ్లో చదువు లేనివాళ్లూ, మధ్యలో మానేసినవాళ్లూ కలిపి ఆడవాళ్లే 31 మంది. అందులో తొమ్మిది మంది ఏడో ఎనిమిదో దాకా వచ్చి ఆగిపోయారు. ఆ తొమ్మిది మందికి ఓపెన్ టెన్త్ ఫీజు కట్టి, ట్యూషన్ పెట్టించి, పరీక్షకి తీసుకెళ్దాం, ఒకరిద్దరికైనా అంగన్‌వాడీలో పని దొరుకుతుంది అని మావాడు. మిగతా 22 మంది ఏం కావాలి, రాత్రిబడి పెడదాం, తెలుగు లిపిలోనే గానీ మాటలు కోయవి రాయిద్దాం అని నేను. మా అమ్మ సాక్షర భారత్ అనే ప్రభుత్వ అక్షరాస్యత పథకం రోజుల్లో సంతకం నేర్చుకుంది. ఇప్పటికీ చక్కగా పెడుతుంది. దేనిమీద పెడుతోందో మాత్రం తెలియదు.

రెండూ చెయ్యడానికి డబ్బు చాలదు. ఏది ముందు?

రిటైర్డ్_పంతులు:
ముప్పై ఏళ్లు ఏజెన్సీలో పనిచేశాను. తమ్ముడూ, నీ స్నేహితుడి మాటే సరైంది.

కోయలో రాయడం మంచిదే, నాకేం ద్వేషం లేదు. కానీ ఏ ఆఫీసులోనైనా "నాకు కోయలో చదవడం వచ్చు" అంటే వినేవాడు ఉన్నాడా? టెన్త్ మెమో చూపిస్తే వింటాడు. 2000లో వచ్చిన జీవో 3 ఉన్నన్నాళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి సర్టిఫికెట్ విలువ పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇంకోటి. ఓపెన్ స్కూల్ అంటే భయపడతారు గానీ అది పెద్దవాళ్లకి తగ్గట్టు చేసిన పద్ధతి. జాతీయ ఓపెన్ స్కూల్లో అయిదు సబ్జెక్టులు చాలు. లెక్కలు తీసుకోకుండానే టెన్త్ పాసవ్వచ్చు. ఒకసారి పేరు నమోదైతే అయిదేళ్లు, తొమ్మిది అవకాశాలు. ఈసారి తెలుగు, వచ్చేసారి సాంఘికం, ఇలా ఒక్కొక్కటే రాసుకోవచ్చు. రెగ్యులర్ బడిలో ఈ వెసులుబాటు ఎక్కడుంది?

పాడేరు_అక్క:
మాస్టారూ, నేను ఓపెన్ టెన్త్ పాసైనదాన్ని. అప్పటికి నాకు 34 ఏళ్లు. మీరు చెప్పినట్టే లెక్కలు వదిలేసి హోమ్ సైన్స్ తీసుకున్నాను.

నిజం చెప్తాను, నవ్వకండి. మేం రాసిన సెంటర్లో (ఏ ఊరో చెప్పను) మొదటి అరగంట ప్రశ్నపత్రం పట్టుకుని కూర్చోబెట్టారు. తర్వాత ఒకాయన వచ్చి బోర్డు మీద జవాబులు రాశాడు. బోర్డు చూసి దించడం కూడా రానివాళ్లకి పక్కవాళ్లు రాసిపెట్టారు. ఫీజుతో పాటు "సెంటర్ ఖర్చు" అని ముందే తీసుకున్నారు లెండి. పాసయ్యాను. పని కూడా దొరికింది. మొదటి నెల రిజిస్టర్ ముందు పెడితే పిల్లల బరువులు ఏ గడిలో రాయాలో తెలియలేదు. తొమ్మిదో తరగతి చదివే నా కూతురు రోజూ రాత్రి కూర్చోబెట్టి నేర్పింది. నా టెన్త్ చదువు మొదలైంది ఆ రోజు.

అయినా ఆ మెమో లేకపోతే రిజిస్టర్ నా ముందుకి వచ్చేదే కాదు. అందుకని టెన్త్ వద్దనను. తొమ్మిది మందికి ఫీజు కట్టేసి పరీక్షకి జీపు ఎక్కిస్తే మాత్రం అది చదువు కాదు తమ్ముడూ.

ఉట్నూరు_కుర్రోడు:
అక్క చెప్పిందే నేను చెప్పాలనుకున్నది, వేరే దారిలో.

మా వైపు మార్లవాయి అనే గోండు ఊరి కథ పెద్దలకి తెలిసే ఉంటుంది. 1943లో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోండు విద్యా పథకం మొదలుపెట్టినప్పుడు గోండు పిల్లలకి గోండీలో చెప్పే పంతులే లేడు. అందుకని ముందు పిల్లలతో కాదు, వయసొచ్చిన గోండులతో మొదలుపెట్టారు. వాళ్లకి చదువు నేర్పి, వాళ్లనే పంతుళ్లుగా ఊళ్లకి పంపారు. వాచకాలు గోండీ భాషలో, దేవనాగరి లిపిలో అచ్చువేశారు. మన రాష్ట్రాల్లో ఆదివాసీ వయోజన విద్య గురించి మాట్లాడేవాళ్లు దీన్ని ఎందుకు మర్చిపోతారో నాకు అర్థం కాదు. పెద్దవాళ్లకి సొంత భాషలో చెప్తే ఎంత దూరం పోవచ్చో ఎనభై ఏళ్ల కిందటే చూశాం.

భాష సంగతి చిన్నది కాదు. గోండీలో, కోయలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. ఆ పాఠం చదివిన పెద్దావిడ కుండలో నీళ్లు అనుకుంటుంది, పంతులు వాగు బొమ్మ చూపిస్తాడు. ఆవిడకి చదువు రాదని రాసుకుపోతాడు.

రిటైర్డ్_పంతులు:
మార్లవాయి నాకూ తెలుసు బాబూ. కానీ ఒక ముక్క వదిలేశావు. ఆ గోండులు చదువుకున్నాక వాళ్లకి నిజాం సర్కారు పంతులు ఉద్యోగం ఇచ్చింది. చదువు వెనకాల జీతం ఉంది. నేను చెప్తున్నదీ అదే.

ఉట్నూరు_కుర్రోడు:
ఉద్యోగం ఇచ్చింది మాస్టారూ, టెన్త్ అడగకుండా ఇచ్చింది. అదీ చెప్పండి మరి.

రిటైర్డ్_పంతులు:
ఒప్పుకున్నాను.

లెక్కల_మనిషి:
గొడవ బావుంది గానీ అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజనుల్లో అక్షరాస్యత 49 శాతం. ఆడవాళ్లలో 40. దేశంలో గిరిజనుల సగటు 59. అంటే మనం దేశం కంటే పది వెనక. ఎన్ని పథకాలు వచ్చాయో లెక్కపెట్టుకోండి: 1988లో జాతీయ సాక్షరతా మిషన్, 2009లో సాక్షర భారత్, ఇప్పుడు ఉల్లాస్.

మాతృభాష వాదులకి ఒక ఉదాహరణ నేనే ఇస్తాను. మిజోరం. అక్కడ అక్షరాస్యత 2011లోనే 91 శాతం. చదివేది మిజో భాషలో, రోమన్ లిపిలో. ఆ అక్షరాలు 1894లో మిషనరీలు కూర్చినవి. కానీ అక్కడ ఒక రాష్ట్రమంతా దాదాపు ఒకే భాష. కోయ మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లో 4 లక్షల పైచిలుకు, అది కూడా ఆంధ్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో చెల్లాచెదురు. గోండీ సుమారు 30 లక్షలు, అయినా రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా ఎనిమిదో షెడ్యూల్లో లేదు. మిజోలో చదవడం నేర్చుకున్నవాడికి పేపరుంది, పుస్తకముంది. కోయలో చదవడం నేర్చుకున్న శబరి_ఒడ్డు గారి అమ్మగారు మర్నాడు ఏం చదువుతారు? గోడ మీద కూడా కోయ రాత ఉండదు.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బడి పుస్తకాలు వేశారు. కోయ, గోండీ, కొలామీ, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా, బంజారా. ఎంతమంది చూశారు ఆ పుస్తకాలు?

పాడేరు_అక్క:
మా అబ్బాయి కువి పుస్తకం చదివాడు. ఇంట్లో ఇప్పటికీ ఉంది.

శబరి_ఒడ్డు:
లెక్కల గారూ, ఆ "మర్నాడు ఏం చదువుతారు" అన్న ప్రశ్న రాత్రంతా బుర్రలో తిరిగింది. జవాబు ఇది. మా అమ్మ చదవాల్సినవి తెలుగులోనే ఉన్నాయి. అటవీ హక్కుల పట్టా, ఉపాధి హామీ పని దినాల లెక్క, సంఘం పుస్తకం, బ్యాంకు మెసేజ్. నేను కోయతో మొదలుపెడదాం అంటున్నది అక్షరం, శబ్దం కలిసేదాకా మాత్రమే. తను రోజూ అనే మాట కాగితం మీద కనబడితే "ఓ, ఇదా" అంటుంది. ఆ తర్వాత తెలుగుకి పోవడం ఎంతసేపు? లిపి ఒకటే. గిడుగు రామమూర్తి గారు సవర భాషకి తెలుగు లిపిలోనే వాచకాలు రాశారు కదా. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండలేసేవాళ్లలో సవర సంగతి ఎంతమందికి గుర్తుంటుందో గానీ.

సాక్షర_పాత_కార్యకర్త:
మీరంతా భాష మీదా సర్టిఫికెట్ మీదా పోట్లాడుకుంటున్నారు. పాఠం చెప్పేది ఎవరు?

నేను సాక్షర భారత్‌లో గ్రామ కోఆర్డినేటర్‌ని. నెలకి 2 వేలు గౌరవ వేతనం. అదీ ఏడెనిమిది నెలలకోసారి. 2018 మార్చితో పథకం ఆగింది, మేమూ ఆగిపోయాం. ఇప్పటి ఉల్లాస్‌లో అదీ లేదు, అంతా స్వచ్ఛందం. 2022 నుంచి 2027 వరకు దేశం మొత్తానికి 1,037.90 కోట్లు, లక్ష్యం 5 కోట్ల మంది. భాగించి చూడండి, మనిషికి రెండొందలు చిల్లర. చివర్లో 150 మార్కుల పరీక్ష. చదవడం 50, రాయడం 50, లెక్కలు 50. పరీక్ష చెడ్డది కాదు, మావాళ్లు కొందరు బాగానే రాస్తారు. కానీ గూడెంలో డిగ్రీ చదివిన కుర్రాడు పొద్దంతా పోడులో పనిచేసొచ్చి ఆర్నెల్లు ఊరికే పాఠం చెప్తాడని ఢిల్లీలో ఎవరు అనుకున్నారో!

తమ్ముడూ, నీ 60 వేలల్లో పలకలకీ ఫీజులకీ పైసా పెట్టకు. నెలకి 5 వేలు చొప్పున ఏడాదికి ఒక మనిషికి జీతం ఇవ్వు. లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఇంకో సంగతి. క్యాలెండర్ చూసుకో. జాతీయ ఓపెన్ స్కూల్ పరీక్షలు ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబర్-నవంబర్‌లో ఒకసారి. ఏప్రిల్-మే అంటే తునికాకు, అదే బీడీ ఆకు, కోసే రోజులు. రెండు మూడు వారాల కోత మీద ఇంటి ఖర్చు నడుస్తుంది. దాన్ని వదిలేసి పరీక్ష హాల్లో ఎవరు కూర్చుంటారు? నవంబర్ అంటే వరి కోత. నేను చూసిన డ్రాపౌట్లలో సగం మంది చదువు రాక మానలేదు. ఆకు వచ్చి మానేశారు.

రెజీనా_రాజమండ్రి:
నేను కెనడాలో సస్కాచెవాన్‌లో ఉంటాను. ఇక్కడ పెద్దవాళ్లు బడి చదువు పూర్తి చేసుకోవడాన్ని అప్‌గ్రేడింగ్ అంటారు. ఫస్ట్ నేషన్స్ వాళ్లు, అంటే ఇక్కడి ఆదివాసీలు, సొంతంగా నడిపే కాలేజీ ఒకటి ఉంది, సస్కాచెవాన్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీస్, 1976 నుంచి. అందులోనూ ఈ కోర్సులున్నాయి. నాకు ముఖ్యంగా అనిపించింది ఒకటే. ఇలాంటి కోర్సుల్లో చేరిన పెద్దవాళ్లకి ఇంటి ఖర్చుకి ప్రభుత్వ అలవెన్సు ఉంటుంది. చదువుకునే నెలల్లో తిండెలా అన్న ప్రశ్నకి ముందే జవాబు పెట్టారు.

అలాగని ఇక్కడంతా సజావుగా ఉందనుకోవద్దు. ఆదివాసీ పిల్లల్ని ఇళ్లలోంచి లాక్కెళ్లి, సొంత భాష మాట్లాడితే కొట్టిన రెసిడెన్షియల్ స్కూళ్లు 1990ల దాకా నడిచాయి. ఆ బడి గుర్తున్న మనిషిని యాభై ఏళ్ల వయసులో మళ్లీ క్లాసురూమ్‌లోకి రమ్మనడం మాటలు కాదు. చెప్పేవాడు తమవాడైతే కొంత నయం.

లెక్కల_మనిషి:
కెనడా డబ్బుతో మన ఏజెన్సీని పోల్చకండి సార్.

రెజీనా_రాజమండ్రి:
డబ్బుని పోల్చట్లేదండీ. మన దగ్గర గిరిజన విద్యకి వచ్చే డబ్బులో పెద్దవాళ్ల చేతిలో పెట్టేది ఎంత అని అడుగుతున్నాను.

రిటైర్డ్_పంతులు:
అక్షరాస్యత అంటే చిన్నచూపు వద్దు, ఇది నా పక్షానికి వ్యతిరేకమే అయినా చెప్తాను. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లెవరి దగ్గరా టెన్త్ మెమో లేదు. వాళ్లంతా ఒకచోట కూర్చోవడానికి ఒక సాకు దొరికింది, అదే బడి.

అయినా నా ఓటు టెన్త్‌కే. అంగన్‌వాడీ పోస్టు బయటి ఊరామెకి పోతే ఇరవై ఏళ్లు పోయినట్టే.

శబరి_ఒడ్డు:
వారం తర్వాత వస్తున్నా. ఇక్కడ ఇంత చర్చ నడిచింది గానీ 31 మందిని ఒక్కసారీ అడగలేదని మొన్న గుర్తొచ్చింది. సిగ్గేసింది. ఆదివారం సంత అయ్యాక మా ఇంటి ముందు కూర్చోబెట్టాం. వచ్చింది 19 మంది.

తెలుగా కోయా అని అడిగితే ఎవరూ పట్టించుకోలేదు. "ఏదైతే ఏంటి, రెండూ మాట్లాడతాం కదా" అంది మా పిన్ని. టెన్త్ సంగతి ఎత్తితే తొమ్మిది మందిలో ముగ్గురే చెయ్యెత్తారు. మిగతావాళ్లు "మా పిల్లలు రాస్తారులే" అన్నారు. తర్వాత మా అత్త లేచి, "చెప్పేదెవరు, మీ ముగ్గురా? అయితే మేం రాము" అంది. మగపిల్లల ముందు పలక పట్టుకుని తప్పు చదవడం వాళ్లకి ఇష్టం లేదట. పక్క వీధిలో ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న అమ్మాయి ఒకతి ఉంది. ఆమె అయితే వస్తామన్నారు. ఆ అమ్మాయి పేరు మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

కాబట్టి కార్యకర్త అన్న లెక్కే ఖాయం చేశాం. నెలకి 5 వేలు ఆమెకే. ఓపెన్ టెన్త్ కావాలన్న ముగ్గురికి మేమే జేబులోంచి కడతాం, పాడేరు అక్క చెప్పిన "సెంటర్ ఖర్చు" మాత్రం కట్టం. తునికాకు అయ్యాక జూన్‌లో మొదలు. కోయ మాటల పాఠాలు మొదటి నెలకి నేను రాసిస్తున్నా, ఆమె దిద్దుతోంది. ఇప్పటికే నాలుగు తప్పులు పట్టింది.

పాడేరు_అక్క:
ఆ పిల్లకి కూడా ఇంటర్ మళ్లీ కట్టించు తమ్ముడూ, మర్చిపోకు. బడి ఎన్నింటికి?

శబరి_ఒడ్డు:
వంటలయ్యాక ఎనిమిదింటికి అనుకుంటున్నాం అక్కా.

సాక్షర_పాత_కార్యకర్త:
మీ ఊళ్లో కరెంటు ఎన్నింటికి పోతుంది? మా దగ్గర రెండు సోలార్ లాంతర్లు మూలపడి ఉన్నాయి, పథకం నాటివి. బ్యాటరీలు మార్పిస్తే వెలుగుతాయి. కావాలంటే చెప్పు, భద్రాచలం దాకా నేనే తెచ్చిపెడతా.