వేటడేగకు శిక్షణా, మాలిమా?

అడవి డేగను పట్టి వేటకు సిద్ధం చేసే పద్ధతి మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్న అమలాపురం సోదరి ఒకరు, ఆ పనిని “డేగల పెంపకం” అనాలా, “డేగలకు శిక్షణ” అనాలా అని నిన్న మన ఈ భాషాభిమానుల బృందంలో అడిగారు. నా ఉద్దేశంలో ఆ రెండూ సరిపోవు. మన గోదావరి ఇళ్ళలో రోజూ వినిపించే మాట ఒకటి ఆ పనికి అతికినట్టు సరిపోతుంది. అది మాలిమి, అంటే మచ్చిక.

పెంపకం అనగానే మన డెల్టాలో కోళ్ళు, చేపలు, రొయ్యలు గుర్తుకు వస్తాయి. పిల్లగా ఉన్నప్పటి నుంచి మేపి పెద్ద చేయడం పెంపకం. వేటడేగ విషయంలో మన దేశపు పాత వేటగాళ్ళు బాగా కోరుకున్నది గూటిలోంచి తీసిన పిల్లను కాదు, వలస దారిలో దొరికిన తొలి ఏటి పక్షిని. గూటి పిల్లకు వేట రాదు, పైగా మనిషి కనబడితే చాలు తిండి కోసం అరుస్తూనే ఉంటుంది. చాలా ఏళ్ళు స్వేచ్ఛగా తిరిగిన ముదురు పక్షి గొప్పగా వేటాడుతుంది కాని, మనిషి దగ్గర కుదురుకోవడానికి చాలా కాలం తీసుకుంటుంది. తొలి ఏటి పక్షి అప్పటికే తన పొట్ట తాను పోషించుకోవడం నేర్చి ఉంటుంది, ఇంకా మొండికెత్తి ఉండదు.

దానిని పట్టే సాధనాల పేర్లు కూడా భాషాభిమానులు ముచ్చటపడేవే. నేలలో రెండు సన్నని కర్రలు పాతి, వాటి మధ్య కంటికి ఆనని పలుచని వలను ఊరికే తగిలించి, వల ముందు ఒక పిట్టను ఎరగా కడతారు. డేగ ఎర మీదికి దూసుకువచ్చి వలకు తగలగానే వల కర్రల నుంచి ఊడి దానిని చుట్టేస్తుంది. దీని పేరు దోగజా. “దో గజ్” అంటే పారసీలో రెండు గజాలు. రెండవది బాల్‌ఛత్రి, అంటే వెంట్రుకల గొడుగు. చిన్న బోనులో ఎరపిట్టను ఉంచి, బోను పైభాగమంతా గుర్రపు వెంట్రుకలతో చేసిన ఉచ్చులు బిగిస్తారు. డేగ వచ్చి బోనును తన్నగానే కాలివేళ్ళు ఉచ్చుల్లో పడతాయి. మనకు ఉచ్చు, ఉరి అనే చక్కని మాటలు ఉన్నాయి కనుక, అనువాదంలో “వెంట్రుక ఉచ్చుల బోను” అన్నా నిండుగానే ఉంటుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టిన డేగకు వేట నేర్పవలసిన అవసరం లేదు, అది మనకంటె బాగా దానికే తెలుసు. కొత్తగా అలవాటు చేయవలసింది మనిషి చేతిని మాత్రమే. పూర్వం రెప్పలను దారంతో కుట్టి కొన్నాళ్ళు చూపు మూసేవారు. తోలు టోపీ తొడగడం అంతకంటె మేలైన పద్ధతి. కాళ్ళకు మెత్తని తోలు పట్టెలు కట్టి, తొడుగు వేసుకున్న ఎడమ చేతి మీద నిలుపుకొని, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రాత్రంతా కూర్చుంటారు. మొదట అది రెక్కలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడుతుంది. దానిని కసరకుండా, కళ్ళలోకి గుచ్చి చూడకుండా, మెల్లగా ఎత్తి మళ్ళీ చేతి మీద కూర్చోబెడతారు. ఎప్పుడో ఒకప్పుడు తల వంచి, చేతిలో ఉన్న మాంసాన్ని ఒక ముక్క పీకుతుంది. ఆ ఒక్క ముక్కతో సగం పని అయినట్టే. ఆ తరువాత జానెడు దూరం నుంచి చేతి మీదికి దూకించడం, పొడవాటి తాడు కట్టి దూరం పెంచడం, చివరికి తాడు విప్పి వదలడం. రోజూ తూచి, ఆకలి మిగిలేలా తిండి పెడతారు, ఎందుకంటే కడుపు నిండిన డేగ పిలిచినా రాదు.

ఇందులో శిక్షకు చోటు లేదని గమనించండి. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే అయినా, తెలుగువాడి చెవికి శిక్షణలో దండన కూడా వినిపిస్తుంది. కొట్టి లొంగదీయడం కుదరని పక్షి ఇది; ఒక్కసారి బెదిరితే వారాల శ్రమ పోతుంది. మా ఇంటి పెరట్లో కట్టేసిన కొత్త గేదె దగ్గరికి మా అమ్మమ్మ ప్రతి సాయంత్రం చిట్టు తీసుకువెళ్ళి, పాలు పిండే ప్రయత్నమేమీ చేయకుండా మెడ నిమిరి వచ్చేది. “ముందు మాలిమి కానీరా” అనేది. ఆ మాటలో ఉన్నంత ఓపిక శిక్షణలో లేదు.

మరొక సభ్యులు డేగ, గద్ద ఒకటే కదా అన్నారు. కోడిపిల్లను గద్ద తన్నుకుపోయింది అంటాం కాని డేగ తన్నుకుపోయింది అనం. శిబి కథలో పావురాన్ని తరిమినది డేగ. రాజుల చేతుల మీద వాలినదీ డేగే, దానికే సాళువము అని మరో పేరు. 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయల వంశనామం అదే. ఆ వంశపు బిరుదు “పరపక్షిసాళువ” (శత్రువులనే పక్షులకు డేగ)లో పక్షము, పక్షి కలిసి పలికిన శ్లేష నాకు ఎంతో ఇష్టం. వేటడేగల్లో ఒక రకమైన బైరి డేగ పేరులోని బైరి హిందుస్తానీ “బహరీ”. అరబీలో బహ్ర్ అంటే సముద్రం. శీతకాలంలో సైబీరియా ఉత్తరపు కొస నుంచి వచ్చి, కోరింగ మడ అడవుల దగ్గర ఉల్లంకి పిట్టల గుంపుల మీదికి గంటకు 300 కిలోమీటర్లకు మించిన వేగంతో దూకే ఆ పక్షికి సముద్రపు పేరు తగినదే.

మన జిల్లాల్లో డేగ అంటే ముందు పందెం కోడి గుర్తుకు వస్తుందని ఎవరైనా అంటే ఆ మాట నిజమే. అక్కడ అది ఎర్రని ఈకల పుంజుకు రంగును బట్టి పెట్టిన పేరు, కాకి, నెమలి, సేతువ వంటిదే. అందువల్ల అనువాదంలో మొదటి చోట “వేటడేగ” అని రాయడం క్షేమం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి డేగను పట్టడం నేరమనే సంగతి కూడా వ్యాసంలో ఒక వాక్యంగా చేర్చమని సోదరికి మనవి. శీర్షికకు నా సూచన “వేటడేగను పట్టడం, మాలిమి చేయడం”.