అప్‌డేట్: నాలుగున్నరేళ్ల పాప బడిలో రోజంతా దిమ్మెలతోనే ఆడుతోంది

రెండు నెలల క్రితం ఇక్కడే అడిగాను. ఆటల పద్ధతి బడిలో మా పాప రోజంతా చెక్క దిమ్మెలు పేరుస్తోంది, ఒక్క అక్షరం రాయదు, బడి మార్చాలా అని. మార్చలేదు. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది "ఒక పూట వెనకాల కూర్చుని చూడండి" అన్న సలహా. టీచర్ ఒప్పుకున్నారు. పాప కట్టిన వంతెన మూడుసార్లు కూలింది. టీచర్ చెయ్యి వేయలేదు, "ఈసారి కింద ఏం పెడదాం?" అని మాత్రం అడిగారు. పొడుగు దిమ్మె దొరక్క, రెండు పొట్టివి పక్కపక్కన పెట్టి కొలిచి చూసుకుంది. నేనైతే మొదటిసారికే కట్టిచ్చేసేదాన్ని! కిండర్‌గార్టెన్‌కు 1840లో ఆ పేరు పెట్టిన ఫ్రోబెల్ కూడా ఇలాంటి దిమ్మెలే వాడాడట, టీచరే చెప్పారు.

రాయడానికి ముందు వేళ్లకు పట్టు రావాలన్నారు. ఇంట్లో బంకమట్టి, పిల్లల కత్తెర ఇచ్చి వదిలేశాను. పోయిన వారం తను కట్టిన ఇంటికి బోర్డు కావాలని తన పేరు తనే రాసింది, ఒక అక్షరం తిరగేసి. నేను దిద్దలేదు.

అక్షరాలు దిద్దే కాపీ పుస్తకాలు ముట్టుకోకుండా అలాగే ఉన్నాయి. రాయట్లేదన్న టెన్షన్‌తో పాపకు చేయించిన వినికిడి పరీక్షలోనూ ఏ సమస్యా లేదు.